నాలుగో నంబరు జీపు

సుమో మాట్లాడుకుందామన్నది నేను. వద్దన్నది మా ఆయన. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో వారం రోజులు పొయ్యిలో కంటే బయటే ఎక్కువ మంట లేచింది.

రెండువేల ఐదు ఎండాకాలం. మా బిడ్డ సుమన మూడో తరగతి పరీక్షలు అయిపోయాయి. పెళ్లైన పదేళ్లలో మేము కలిసి ఊరు దాటింది లేదు. చైత్ర పున్నమికి అడివిలో ఉన్న సలేశ్వరం జాతరకు పోదామని అనుకున్నాం. కోరిక మా నాయన చెన్నయ్యది. ఖిల్లా ఘణపూర్ పక్కన చెలకల్లో నలభై ఏళ్లు వానకు ఎదురుచూసిన మనిషి. అమ్మ పోయినంక వనపర్తిలో మా దగ్గరే ఉంటున్నాడు. "ఎండాకాలంల గూడ నీళ్లు దుంకుతయంట గదనే అక్కడ! ఒక్కపారి ఆ నీళ్ల కింద తల పెట్టాలె బిడ్డా" అని ఎన్ని సార్లు అన్నాడో లెక్కలేదు.

నాయనకు రెండు మెట్లెక్కితే ఆయాసం. అందుకే హఫీజ్ భాయ్ సుమో రెండు రోజులకు మాట్లాడుకుందామన్నాను. ఇంటి ముందర ఎక్కితే ఇంటి ముందరే దిగొచ్చు. అడివి అంచున బండి మన కోసం ఆగి ఉంటుంది. ఇదీ నా మాట.

మా ఆయన ఈరన్న వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య సేటు జీపు నడిపేవాడు. అడ్డా మీద జీపుల యూనియనుకు సెక్రెటరీ కూడా. ఆ పదవికి జీతం లేదు గానీ మీసం ఉంది.

"నేను అడ్డా మీదోన్ని. నేనే సుమో కిరాయికి తీస్తే నలుగురు నవ్వరా? ఏ ఊరి అడ్డా మీద దిగినా ఈరన్న అంటే ముంగట సీటిస్తరు. ఒక జీపు దిగుడు, ఇంకో జీపు ఎక్కుడు. ఏంది పరేషాన్?" అన్నాడు.

"మా నాయినకు పానం బాగలేకపోతే?"

"అడ్డాకొక పది బండ్లుంటయి. నీ సుమో ఒక్కటే."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇంటికి సెక్రెటరీ కూడా ఆయనే కాబట్టి జీపుల మీదే పోయాం.

అబద్ధం ఎందుకు, పోయేటప్పుడు ఆయన మాటే నిజమైంది. నాగర్‌కర్నూల్‌లో చాయ తాగించారు. లింగాల పోయే జీపులో నాయనకు ముందు సీటు ఇచ్చారు. నాయన ఆ సీట్లో పెళ్లికొడుకులా కూర్చుని దారి పొడుగునా అల్లుణ్ణి పొగిడాడు. మా ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూసి మీసం దువ్వాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

లింగాల నుంచి అడివిలోకి ట్రాక్టరు, అక్కడి నుంచి రాళ్ల మీద నడక. నాయన ఆగాగి నడిచాడు గానీ చేరాడు. ఆ చల్లటి నీళ్ల కింద తల పెట్టి సుమన కంటే గట్టిగా కేకలు పెట్టాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దు నడినెత్తి మీదికి వచ్చే వేళకు మళ్లీ లింగాల అడ్డా మీదికి వచ్చాం. ట్రాక్టరు దిగుతూనే నాయన నేల మీద కూలబడ్డాడు. అంగీ అంతా చెమట. ఎడమ చెయ్యి పట్టుకుని, "ఛాతిల పట్టేసినట్లుంది బిడ్డా" అన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. అచ్చంపేట దవాఖానకు తీసుకుపోవాలి. అడ్డా మీద ఐదు జీపులున్నాయి.

ఇక్కడ నంబరు సంగతి చెప్పాలి. మా దిక్కు అడ్డాల మీద జీపులు వరసలో నిలబడతాయి. ఒకటో నంబరు నిండి కదిలేదాకా రెండో నంబరు మనిషిని ఎక్కించుకోకూడదు. అంతకు ముందు ప్యాసింజర్ల కోసం డ్రైవర్లు జాకీ రాడ్లతో కొట్టుకునేవాళ్లు. ఒకతని కన్ను పోయింది. ఆ కొట్లాటలు ఆపింది మా ఆయనే. వనపర్తిలో ఆయన పెట్టిన నంబరునే చుట్టుపక్కల అడ్డాలన్నీ పట్టుకున్నాయి. అది ఆయన చేసిన మంచి పని, కాదనను.

కానీ బాబు మియా అనే డ్రైవరు ఒకసారి పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని నంబరు తప్పి ఎక్కించుకున్నాడు. "ఇయ్యాల నొప్పులంటరు, రేపు అందరికీ నొప్పులే వస్తయి" అని మా ఆయన అతని బండిని పదిహేను రోజులు ఆపాడు. బాబు మియా చిన్నబుచ్చుకుని వనపర్తి వదిలి వెళ్లిపోయాడు.

ఆ బాబు మియా జీపే లింగాల అడ్డా మీద నాలుగో నంబరులో ఉంది. మమ్మల్ని చూసి ఇంజను స్టార్ట్ చేసి ఉరికొచ్చాడు.

"సలాం ఈరన్నా. మామను నా బండ్ల పండబెట్టు. జల్ది."

మా ఆయన వరస వైపు చూశాడు. "నీది నాలుగో నంబరు గద."

"నంబరు సంగతి నేను చూసుకుంట. దండుగ నేనే కడ్త. ఎక్కించన్నా."

అప్పటికే చుట్టూ డ్రైవర్లు మూగారు. వనపర్తి ఈరన్న అని గుసగుసలు వినపడుతున్నాయి. మా ఆయన మొహం చూశాను. బాబు మియా బండి ఆపిన నోటితోనే బాబు మియా బండి ఎట్లా అడగాలి? ఆ మొహంలో ఉన్నది అదొక్కటే.

"ఒకటో నంబరు బండి మొత్తం నేనే మాట్లాడుకుంట. డ్రైవరును పిలువుండ్రి" అన్నాడు.

ఒకటో నంబరు డ్రైవరు వెంకటన్న బువ్వ తినడానికి ఇంటికి పోయాడట. ఊరి ఆ చివర ఇల్లు. తాళం అతని జేబులో ఉంది.

"ఏమయ్యా, నీకు బుద్ధున్నదా? మనిషి పోతుండు!" అని అరిచాను. నాయన రెక్క పట్టి బాబు మియా బండి వైపు లేపబోయాను. ఆ డ్రైవర్లలో ఒక్కరు కూడా అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది నాయనే. చెయ్యి ఎత్తాడు.

"ఊకో బిడ్డా. పదిమందిల అల్లుని మాట కింద పడొద్దు. జర సేపు ఆగుత నేను."

ఆగుతాను అన్నాడు. ఏదో బస్సు కోసం ఆగుతానన్నట్టు. నేను అప్పుడు ఆయన మాట వినకుండా ఉండాల్సింది. పుట్టి బుద్ధెరిగినంక నాయన మాట కాదన్నది లేదు. ఆ రోజూ కాదనలేకపోయాను. ఇందులో నా పాపమూ ఉంది.

వెంకటన్న చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ముప్పావు గంటైంది. బల్మూర్ దాటినంక నా ఒళ్లో నాయన తల బరువెక్కింది. సుమన నీళ్ల సీసా మూత తీసి "తాతా, తాగు" అంటూనే ఉంది.

అచ్చంపేట దవాఖానలో డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ముప్పావు గంట ముందు తెస్తే బతుకుతుండెనా సారూ?" అని అడిగాను.

"చెప్పలేమమ్మా" అన్నాడు. బతికేవాడు కాదని అన్నా నాకు నిద్ర పట్టేది.

బయటికొస్తే బాబు మియా నిలబడి ఉన్నాడు. లింగాల నుంచి ఖాళీ జీపుతో మా వెనకే వచ్చాడట, దారిలో వెంకటన్న బండి ఆగిపోతే అవసరం పడుతుందని. శవాన్ని ఇంటికి చేర్చాలి. మా ఆయన ఈసారి వరస వైపు చూడలేదు. పీనుగను మోసే బండికి నంబరు లేదు. అదీ ఆయన రాసిన రూలే. ఊపిరున్నప్పుడు ఎక్కని జీపు మా నాయన ఊపిరి పోయినంక ఎక్కాడు. నాగర్‌కర్నూల్ అడ్డా మీద డ్రైవర్లు దండం పెట్టి తమ బండ్లు పక్కకు తీశారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. మా ఆయన తీసిన గోతిలో మా నాయన పడ్డాడు.

పదకొండో రోజు అయిపోయినంక మా ఆయన యూనియను మీటింగుకు పోయాడు. నేను గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. పోయినోడు పోయినంత తొందరగానే తిరిగొచ్చాడు.

"రూలు మార్చినం వసంతా. పానం మీదికొచ్చినోళ్లకు ఇంక నంబరు లేదు. ఏ బండైనా ఎక్కొచ్చు" అన్నాడు. నా కోసం ఏదో తెచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఎంతసేపు పట్టింది?"

"ఎంతనే, చాయ తాగినంత సేపు గూడ పట్టలె. ఒక్కలు గూడ వద్దనలె."

చాయ తాగినంత సేపు. మా నాయన ఆ మట్టిలో కూర్చుని ఆగింది అంతకు ఎన్ని రెట్లో. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఆ పూట మా ఆయనకు బువ్వ పెట్టింది సుమన.