ఉపవాసంలో కలిపిన సీసాలు

మలేషియాలోని ఇపో ఊళ్లో నాది వేప్ కొట్టు, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్ల దుకాణం. పొగ కొన్నవాళ్లకి పొగడ్తలు ఉచితమని బోర్డు మీదే రాయించాను.

వాటిలో పోసే ద్రవాలు నేనే కలుపుతాను. మామిడి, పుదీనా, లీచీ, ఏదైనా సరే, చివర్లో ఒక దమ్ము లాగి చూస్తేగాని మూత బిగించను. నికోటిన్ ఎక్కువైతే గొంతే చెబుతుంది. కానీ రంజాన్‌లో పగలు దమ్ము లాగితే ఉపవాసం పోతుంది. అందుకని ఆ నెల్లాళ్లూ చేతి అలవాటు మీదే కలిపేస్తాను. పదేళ్లుగా చెయ్యి తప్పలేదు.

ఈసారి నికోటిన్ కొత్త డబ్బా వచ్చింది. పాతది మిల్లీలీటరుకు ముప్పై ఆరు మిల్లీగ్రాములు, కొత్తది వంద. డబ్బా అదే, నీళ్లలాంటి రంగూ అదే. అంకె కంట్లో పడింది గాని బుర్రలో పడలేదు. పాత కొలతతోనే ఆరు సీసాలు కలిపాను.

ఒకటి మా వీధి మెకానిక్ హైకల్ పట్టుకెళ్లాడు. సాయంత్రం అజాన్ వినగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, సెనా అక్క బజారు కొట్లో కొన్న ముర్తబాక్, అదే మాంసం కూరి పెనం మీద కాల్చిన రొట్టె, రెండు ముక్కలు తిని, పదమూడు గంటల కరువు తీరేలా ఎడతెగకుండా లాగాడు. మండితే, ఎండిన గొంతు కదా అనుకున్నాడట. పావుగంటలో వాంతులు, చల్లటి చెమటలు, గుండె దడ. ఆస్పత్రికి నేనే కారులో తీసుకెళ్లాను.

ఏం తిన్నాడని డాక్టరమ్మ అడిగింది. కోడిమాంసం ముర్తబాక్ అని అతని భార్య సురయా చెప్పింది. అప్పుడు పడింది ఆ వంద నా బుర్రలో. నోరు తెరవాల్సింది. దమ్ములమ్మేవాడికి దమ్ము లేకపోయింది. బయటికొచ్చి మిగతా సీసాలు కొన్న ఐదుగురికీ ఫోన్ చేసి, రుచి కుదరలేదు, ముట్టుకోవద్దన్నాను. ప్రాణం మీదికి రావచ్చని అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం రంజాన్ బజారులో అన్ని కొట్ల ముందూ బారులే. ముర్తబాక్ మాట అప్పటికే ఊరంతా పాకి, సెనా అక్క పెనం దగ్గర మాత్రం ఈగలు. నన్ను చూసి పిలిచింది.

"బద్రుల్, నువ్వు ఆస్పత్రిలో ఉన్నావటగా. డాక్టరు నా కోడినే అన్నారా? నిన్న పొద్దున కోయించిన కోడిరా. ముదురుదని అను, ఒప్పుకుంటా. కుళ్లిందని మాత్రం అనకు."

వేరే రోజైతే కోడి మీద నాలుగు మాటలు కోసేవాణ్ణి.

"కోడి కాదక్కా. నేను."

ఆమెకి అర్థం కాలేదు. డబ్బా సంగతి, రుచి చూడకుండా కలిపిన సంగతి చెప్పాను. అట్లకాడ కింద పెట్టింది.

"రాత్రంతా మిగిలిన మాంసం వాసన చూసుకుంటూ కూర్చున్నా. నీకు అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"నా చెవిలో చెబితే ఏం లాభం? పెద్ద గొంతేగా నీది. అటు తిరిగి చెప్పు."

తిరిగాను. పక్క కొట్టు బారులోవాళ్లు నేనేదో చమత్కారం వదలబోతున్నాననుకుని ముందే నవ్వారు. వాళ్లలో సురయా కూడా ఉంది. ఆమె నవ్వలేదు. ఆమె వైపే చూస్తూ, తప్పు సెనా అక్క కోడిది కాదు, నా సీసాది అని మొదలుపెట్టి, రాత్రి నోరు మూసుకున్నదాకా మొత్తం చెప్పాను.

సురయా బారులోంచి బయటికొచ్చింది.

"హైకల్ ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. ఇదే మాట డాక్టరమ్మతో చెబుదువుగాని, నడు."

ఆమె వెనకే నడిచాను.