ఈశ్వరి పలకలేదు

కోడైకెనాల్‌లో బంగళా తీసుకుందామని ముందు గోల పెట్టింది నేనే. అది అరవై తొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక తెలంగాణ గొడవల్లో యూనివర్సిటీ మూతబడింది. తార్నాకలో మా క్వార్టర్ల దగ్గర ఒకరోజు రాళ్లు పడ్డాయి. మా ఇంటి మీద కాదు, పక్కనున్న లక్ష్మీదేవి వాళ్లింటి మీద. వాళ్లది కడప, మాది జనగామ దగ్గర పల్లె. మా ఆయన రాజలింగం, ఆమె భర్త ఓబులేసు లైబ్రరీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తారు. అయినా రెండిళ్ల మధ్య మాటలు తగ్గిపోయాయి. వారం రోజులు ఒకే కప్పు కింద ఉంటే అంతా సర్దుకుంటుందని, ఇంకో రెండు కుటుంబాలను కలుపుకుని అందరినీ నేనే లాక్కొచ్చాను. నాకు పెద్దరికం ఎక్కువ.

బంగళా చుట్టూ పైన్ చెట్ల అడవి. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి లక్ష్మీదేవి కేకేసింది. "అక్కా, ఈశ్వరి మీ గదిలో ఉండాదా?"

"ఆఁ, ఉన్నది" అన్నాను, తల కూడా తిప్పకుండా. క్వార్టర్లలో ఎప్పుడూ అంతే. పిల్లలు ఏ ఇంట్లో తిన్నా, ఏ ఇంట్లో పడుకున్నా, అడిగితే ఉన్నారనే చెప్పేవాళ్లం.

గంట తర్వాత చూస్తే గదిలో మా పిల్లలిద్దరే ఉన్నారు. లక్ష్మీదేవి కూతురు, ఆరేళ్ల ఈశ్వరి ఎక్కడా లేదు.

"మీ గదిలోనే ఉందంటివి గదక్కా!" అంది లక్ష్మీదేవి. ఆమె చూసిన చూపు నాకు అర్థమైంది. పిల్లకేమైనా అయితే, నేను కావాలనే అబద్ధమాడానని ఈమె జన్మంతా అనుకుంటుంది.

పొగమంచు దిగింది. మగవాళ్లు రోడ్డు వైపు, ఆమె లోయ వైపు పరిగెత్తారు. నేను బంగళా వెనక అడవిలో పడ్డాను.

"ఈశ్వరీ! నేను బిడ్డా, పెద్దమ్మను! యాడున్నవే?"

పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ఎక్కడో పుల్ల విరిగింది. అటు ఉరికాను. ఎవరూ లేరు. లోయ గుర్తొచ్చి, చెట్టు చెట్టూ పట్టుకుంటూ నడిచాను.

"ఒక్కపారి పలుకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!" అరిచి అరిచి నా గొంతు పోయింది.

లోయ వైపు నుంచి లక్ష్మీదేవి రొప్పుతూ వచ్చింది. "ఈశ్వరీ" అంది. అరవడానికి ఆమెకు ఓపిక కూడా లేదు.

నాకు రెండు బారల దూరంలో, పడిపోయిన మాను వెనక నుంచి ఈశ్వరి లేచి నిలబడింది. ఒడి నిండా పైన్ కాయలు. అటువైపు నేను మూడుసార్లు తిరిగాను.

నేను నేల మీద కూలబడ్డాను. "గీడనే ఉన్నవా బిడ్డా? నా పిలుపు ఇనబడలే?"

"ఇనపడింది." తల్లి దగ్గరికి ఉరికి, కొంగు వెనక నుంచే చెప్పింది.

"మరి పలకలేదేంది?"

"ఎవురు పిలిచినా పలకద్దు, దాక్కోమని అమ్మ చెప్పింది. పెద్దమ్మ పిలిచినా పలకద్దా అంటే, పెద్దమ్మ పిలిచినా అంతే అనింది."

"ఆ గలాటా దినాల్లో చెప్పినానక్కా..." అంది లక్ష్మీదేవి, పిల్లను దగ్గరికి లాక్కుంటూ.

నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నేను గొంతు పెంచిన కొద్దీ ఆ పిల్ల మాను వెనక ఇంకా ముడుచుకుపోయింది.