నీలం రాని ముక్క

నేను ఒక చుక్కల సీసాను. నాలో ఉన్నది ఏదో విదేశీ చెట్టు బంక. స్పిరిట్‌లో కరిగిస్తే కషాయం రంగు తేలింది. ఏజెన్సీ కొండల్లోని ఓ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సత్యవాణి నన్ను స్వయంగా తయారుచేసింది. నా చుక్క పడిన పుట్టగొడుగు ముక్కలో ఒక రకం ఎంజైమ్ ఉంటే అది నీలంగా మారుతుంది, లేకపోతే మారదు. కంటికి కవలల్లా కనిపించే జాతులను ఆమె అలా వేరుచేసేది. నేను చెప్పగలిగింది అంతే.

మనుషులకు అంతటితో సరిపోదు. పక్క క్వార్టర్‌లో ఉండే లెక్కల మాస్టారు పైడిరాజు ఓ సాయంత్రం ల్యాబ్‌కొచ్చి, ముక్క నీలం తిరగడం చూసి ముచ్చటపడ్డాడు. నీలమంటే విషమని తనకు తానే తీర్మానించుకున్నాడు. అడిగి ఉంటే సత్యవాణి చెప్పేదే. తెలిసిందనుకున్న సంగతిని ఎవరైనా ఎందుకు అడుగుతారు?

వానలు పట్టాయి. సత్యవాణి సెలవు పెట్టి విశాఖ వెళ్లింది. పైడిరాజు భార్య కుసుమ తోపులోంచి తెల్లటి పుట్టగొడుగులు తెచ్చి, వండాలా వద్దా అని తటపటాయిస్తోంది. ఆయన నన్ను ల్యాబ్‌లోంచి జేబులో వేసుకొచ్చి, వంటగట్టు మీద ఒక ముక్క కోసి చుక్క వేశాడు. ఇద్దరూ వంగి చూశారు. గోధుమరంగు మరక అలాగే ఉండిపోయింది.

"సూసావా, నీలం రాలేదు. భయం లేదు, వండీ," అన్నాడు.

"మరైతే సరేనండి," అని ఆమె పొయ్యి వెలిగించింది.

అరవడానికి నాకు గొంతు లేదు. ఉన్నా, అవి విషమో కాదో నాకూ తెలియదు. కూర ఉడుకుతున్నంతసేపూ ఆ గట్టు మీదే ఉన్నాను. కడుపులో మంటగా ఉందని ఆయన కాస్తే తిన్నాడు. మిగిలింది పారేయలేక ఆమె తినేసింది.

తెల్లారేసరికి ఇద్దరికీ వాంతులు. ఇరుగుపొరుగువాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఫోన్ అందగానే సత్యవాణి విశాఖ నుంచి పరుగున వచ్చి, వాళ్ల వంటింటి చెత్తబుట్ట కుమ్మరించి కాడల మొదళ్లు వెతికింది. ఒకదాని అడుగున తెల్లటి సంచిలాంటి తొడుగు ఉంది. ప్రాణం తీసే జాతికి అదే గుర్తు. జాతి పేరు వెంటనే డాక్టర్లకు చెప్పింది. అప్పటికే కుసుమ కాలేయం పాడైపోయింది. ఆయన బతికాడు.

దినాలయ్యాక ఆయన ల్యాబ్‌కొచ్చాడు. నన్ను తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇంకో రెండు సుక్కలు ఏసుంటే నీలం వచ్చేదామ్మా?"

"వచ్చినా రాకపోయినా ఒకటే మాస్టారూ. ఇది విషాన్ని చూసేది కాదు."

ఆయన తలూపాడు. నన్ను బల్ల మీద పెట్టి, చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

ఇప్పుడు బీరువాలో ఉన్నాను. నాలో బంక అడుగున గట్టిపడుతోంది. సత్యవాణి నన్ను పారబోయలేదు. మళ్లీ మూత తీయనూ లేదు.