బారెడు దారి

శాలేమురాజు బాపట్ల వెళ్ళి, పాస్‌పోర్టు ఆఫీసులో ఫొటో దిగి, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్టుకి దరఖాస్తు ఇచ్చి వచ్చిన పదకొండో రోజున తెనాలిలో అతని ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు. మామూలు చొక్కాలో ఉన్న కుర్రవాడు, పేరు రాజ్ కుమార్ అన్నాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఏ దేశం వెళుతున్నారని అడిగాడు. వియత్నాం అనీ, అక్కడ చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఉద్యోగమనీ శాలేమురాజు చెప్పాడు. వాళ్ళకి ఇంగ్లీషు రాదా అని కానిస్టేబుల్ ఆశ్చర్యపడి, మనకి మాత్రం ఏం వచ్చులెండి అని తనే నవ్వాడు. తరవాత ఫోను తీసి చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

“సార్, రేపల్లె వైపు మీకేమైనా గొడవ ఉందాండి?”

“మా అత్తగారి ఊరు ఆ పక్కనే. గొడవలేం లేవండి.”

“మీ మీద కేసుందండి. పంట తొక్కారని. ఏడుగురు ముద్దాయిలు. ఏ-వన్ మీరే.”

ఆ మాట చెప్పి అతను వెంటనే లేవలేదు. గోడ మీద ఫొటోలో ఉన్న సుజన వైపు ఒకసారి చూసి, ఇంకో గ్లాసు నీళ్ళు అడిగి తాగాడు. దాహం వేసి కాదని శాలేమురాజుకి తెలుసు. ఆ కాస్త ఆలస్యం ఆ పూట అతనికి ఎంతో మేలు చేసింది.

శాలేమురాజుకి నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాడు. భార్య సుజన అదే స్కూల్లో చిన్న తరగతులకి చెప్పేది. పిల్లలు లేరు. పై దేశాల్లో ఇంగ్లీషు టీచర్లు కావాలన్న ప్రకటన మొదట చూసింది ఆమే. స్కూలు అట్లాసు ఇంటికి తెచ్చి, వరి పండే దేశాలన్నిటికీ పెన్సిలుతో చుక్కలు పెట్టింది. మాట అర్థం కాకపోయినా అన్నం ఉంటే చాలు, బతికేయొచ్చు అనేది. ఇద్దరూ ఆన్‌లైన్ కోర్సులో చేరారు. నాలుగో పాఠంలో ఉండగా ఆమెకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. పద్నాలుగు నెలలు డయాలసిస్ జరిగింది. మూడేళ్ళ కిందట అక్టోబరులో పోయింది.

స్టాఫ్ రూములో ఆమె కుర్చీలో నెలరోజులు ఎవరూ కూర్చోలేదు. తరవాత శ్రీజ అని కొత్త టీచరమ్మ వచ్చి, తెలియక కూర్చుంది. మంచి పిల్ల, ఎవరో చెబితే లేచి క్షమాపణ కూడా అడిగింది. పర్లేదమ్మా, కూర్చోమన్నాడు. ఆ రోజు నుంచి ఖాళీ పీరియడ్లలో స్టాఫ్ రూముకి వెళ్ళడం మానేసి వరండాలో నిలబడేవాడు. రెండేళ్ళు అలా నిలబడ్డాక, కోర్సు అయిదో పాఠం నుంచి మొదలుపెట్టి ఒక్కడే పూర్తి చేశాడు. వియత్నాంలో ఒక చిన్న పట్టణం స్కూలు వాళ్ళు రెండుసార్లు మాట్లాడి సరేనన్నారు. జూలై ఇరవై లోపు పోలీసు కాగితం పంపితే చాలు.

ఇప్పుడు ఆ కాగితానికి అడ్డుపడింది సుజన అంత్యక్రియల నాటి కేసు.

తన తండ్రి పక్కన పెట్టమని ఆమె ముందే అడిగింది. అందుకని శవపెట్టెని రేపల్లె దగ్గరున్న వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. అక్కడి క్రైస్తవుల సమాధుల తోట ఊరికి దూరంగా, కాలవకీ వరి పొలాలకీ మధ్య ఉంటుంది. కాలవ గట్టు మీదుగానే పోవాలి. ఆ వారమంతా తుఫాను. గట్టుకి గండి పడింది. పెట్టె మోసే ఆరుగురూ గండి దగ్గర ఆగిపోయి శాలేమురాజు మొహం చూశారు. పక్కన ఊరి రైతు ప్రకాశరావుగారి మడి, పొట్ట మీదున్న పైరు. ఆ ఆరుగురూ సుజన వాళ్ళ పాలెం వాళ్ళు, ఆయన పొలంలో కూలికి పోయేవాళ్ళే. శాలేమురాజు చెప్పులు విడిచి ముందు తను మడిలోకి దిగాడు. వెనక పెట్టె దిగింది.

మర్నాడు స్టేషన్‌లో ప్రకాశరావుగారి ఫిర్యాదు పడింది. ఎస్సై పిలిపించి, ఎవరు దిగమన్నారని అడిగితే ఆరుగురూ తలలు దించుకున్నారు. అప్పుడు శాలేమురాజు తెల్లకాగితం అడిగి, ఇంగ్లీషులో ఒక పేజీ రాసి ఇచ్చాడు. మోసినవాళ్ళది తప్పేమీ లేదు, దిగమని ఆదేశించింది నేనే, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత నాదే అని. మంచి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. ఎస్సై చదివి, వెళ్ళి రండి మాస్టారూ అన్నాడు. దాంతో అయిపోయిందనుకున్నాడు శాలేమురాజు. తెనాలిలో అద్దె ఇల్లు మారాడు. కోర్టు సమన్లు పాత ఇంటికి రెండుసార్లు వెళ్ళి, మనిషి లేడని తిరిగొచ్చాయి.

రేపల్లె కోర్టులో ప్రాక్టీసు చేసే బిందు అతని దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఫైలు తీయించి, ఆ ఇంగ్లీషు పేజీ జిరాక్సు బల్ల మీద పెట్టి, అతని వైపు జరిపింది.

“కేసు కట్టడానికి ఈ కాగితమే చాలింది సార్. మీరు ఇంత బాగా రాయకపోతే బావుండేది.”

“నేర్పింది నేనేగా. తప్పులు రాస్తే నువ్వు నవ్వవూ?”

బిందు నవ్వలేదు. ఇది రాజీ పడదగ్గ కేసేననీ, జూలై మొదటి శనివారం లోక్ అదాలత్ ఉందనీ, ఫిర్యాదు చేసినాయన వచ్చి సంతకం పెడితే అదే రోజు కేసు మూసేస్తారనీ చెప్పింది. అలా కాక విచారణ నడిపితే ఏడాది పట్టొచ్చంది.

ఆ సాయంత్రమే అతను ప్రకాశరావుగారింటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఆయన భార్య వసుంధర మజ్జిగ తెచ్చింది. కేసు సంగతి తను మర్చిపోయానని ఆయన అన్న మాట నిజమే అనిపించింది. సంతకానికి అభ్యంతరం లేదన్నాడు. కాకపోతే రాజీ కాగితంలో ఒక వాక్యం ఉండాలట. ఆ మడిలో పాలెం వాళ్ళకి దారి లేదు, ఇకముందు అటు నడవము అని. ఏడుగురి తరఫునా ఏ-వన్ సంతకం చేస్తే సరిపోతుంది.

“ఆ రోజు మేడ మీద నుంచి చూశాను మాస్టారూ,” అన్నాడాయన. “పెట్టె ముందు మీరు నడుస్తున్నారు. ఆపుదామని కూడా అనిపించలేదు. తెల్లారి చూస్తే మడిలో దారి పడి ఉంది. ఒకసారి పడిన దారి పోదండి. రేపు మా తమ్ముళ్ళు వాటాలకొస్తే ఏం చెప్పను?”

“ఆ ఒక్క ముక్క లేకపోతే మీ పొలం పారిపోద్దా అండి?” అంది వసుంధర లోపలి నుంచి.

“నీ పుట్టింటి పొలమైతే అలాగే వదిలేద్దూగాని.”

శాలేమురాజు మజ్జిగ తాగి గ్లాసు కింద పెడితే, వసుంధర అడక్కుండానే వచ్చి మళ్ళీ నింపింది.

అక్కణ్ణుంచి పాలెంలో అత్తగారు సుగుణమ్మ ఇంటికి నడిచాడు. డెబ్భై దాటిన మనిషి. నిన్నమొన్నటి దాకా కూలికి పోయిన చేతులు ఊరుకోలేక చాటలో బియ్యం ఏరుతున్నాయి. అతను జరిగినదంతా చెప్పాడు. వానాకాలం గట్టు మీద పెట్టె పోలేదని, ఆ మడే దిక్కని ఆమెకి తెలియనిది కాదు. మూడేళ్ళలో గండి పూడ్చారు గాని, నాలుగు వానలు పడితే గట్టు మోకాలి లోతు రొంపి.

“రాసిచ్చెయ్ నాయనా,” అంది సుగుణమ్మ చాటలోంచి తలెత్తకుండా. “అది ఎన్ని దేశాలకి చుక్కలు పెట్టిందో నాకూ చూపించింది. నువ్వన్నా ఒకదానికి పో.”

“రేపు ఎవరికన్నా అవసరమైతే అత్తమ్మా?”

“ఎవరికో ఎందుకు, ముందు నాకేగా. నేను ఎండాకాలంలో పోతాలే.”

మామూలుగా అంది, పొద్దున్నే బజారుకి పోతాలే అన్నట్టు. శాలేమురాజు రైలు టైమవుతుందని లేచాడు. రేపల్లె నుంచి తెనాలి దాకా కిటికీ పక్కన కూర్చుని, ఏ నెలలో ఎవరు పోవాలో ఆ ఒక్క వాక్యం ఎలా తేల్చేస్తుందో ఆలోచించాడు.

శనివారం కోర్టు వరండా పెళ్ళివారిల్లులా ఉంది. బిందు తయారుచేసిన రాజీ కాగితం టైపు చేసి ఉంది. ప్రకాశరావుగారు ఇస్త్రీ బట్టల్లో, కళ్ళజోడు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆయన్ని కోర్టు దాకా రప్పించినందుకు శాలేమురాజు నొచ్చుకున్నాడు. పేరు పిలిచేలోపు చదివి సంతకం పెట్టమని బిందు కాగితం అందించింది.

అతను మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆ వాక్యం కిందినుంచి మూడోది. ఇరవై ఏళ్ళు పిల్లల నోటుబుక్కుల్లో తప్పులకి గీత గీసిన చెయ్యి అది. పెన్ను తీసి, ఆ వాక్యం మీద నిదానంగా ఒక గీత గీసి, మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టి, కింద పూర్తి సంతకం చేసి ప్రకాశరావుగారికి ఇచ్చాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కోపం రాలేదు. కాగితం మడిచి బిందుకి తిరిగిచ్చేస్తూ, “మీరు చదువుకున్నవారు. మీ ఉద్యోగం సంగతి చూసుకోవాల్సింది మాస్టారూ,” అన్నాడు.

“చూసుకున్నానండి.”

“అంత దూరం పోయేవాడివి. ఇక్కడి దారితో నీకేం పనయ్యా?”

మర్యాద తప్పి ఏకవచనంలోకి వచ్చిన ఆ మాటలో శత్రుత్వం లేదు. ఒక పెద్దవాడు మొండివాణ్ణి చూసి జాలిపడ్డట్టుంది. శాలేమురాజు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మా ఆవిడ అక్కడుంది అందామంటే, ఆమెకింక ఆ దారితో పని లేదుగా.

పేరు పిలిచారు. రాజీ కుదరలేదని బిందు చెప్పింది. ఆగస్టు నెలాఖరుకి వాయిదా వేశారు. బయటికొచ్చాక ఆ పిల్ల మొహం అటు తిప్పుకుని, సార్, నేను ఫ్లాస్కులో కాఫీ తెచ్చాను, తాగుదాం రండి అంది. చెట్టు నీడలో ఒకే మూతలో ఒకరి తరవాత ఒకరు తాగారు.

దరఖాస్తు మీద కేసు పెండింగులో ఉందన్న మాట వచ్చింది. సర్టిఫికెట్టు రాలేదు. జూలై ఇరవై ఒకటిన అతనే వియత్నాం స్కూలుకి ఉత్తరం రాశాడు. ఎంత ప్రయత్నించినా నాలుగు పంక్తులు దాటలేదు. వాళ్ళు జవాబుగా చాలా మర్యాదగా విచారం తెలిపి, ఆ చోటికి ఇంకొకరిని తీసుకున్నామన్నారు. చివర, మా పిల్లలు మీ కోసం గీశారు అని ఒక బొమ్మ జత చేశారు. వరి పొలం, మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న మాస్టారు. దాన్ని ప్రింటు తీయించి అట్లాసులో ఆ దేశం పేజీలో పెట్టాడు. మూసేముందు పెన్సిలు చుక్కని వేలితో తడిమాడు. చెరిగిపోతుందేమోనని మళ్ళీ ముట్టుకోలేదు.

ఆగస్టు వాయిదాకి రేపల్లె వెళ్ళి, సంతకం పెట్టి, ఇంకో తేదీ తీసుకుని, పాలెం వెళ్ళాడు. పదిరోజులుగా వానలు. సుగుణమ్మ గొడుగు తీసుకుని, పద చూసొద్దాం అంది.

ప్రకాశరావుగారి మడిలో నాట్లు పడి వారమైంది. లేత నారు నీళ్ళలో వరసలుగా నిలబడి ఉంది. ఆ వరసలు మడి అంచు దాకా రాలేదు. రోడ్డు దగ్గర నుంచి సమాధుల తోట కంచె దాకా, కాలవ గట్టు పొడుగునా, బారెడు వెడల్పున నేల నాటకుండా వట్టిగా ఉంది.

సుగుణమ్మ చెప్పింది. నాట్లేసింది పాలెం ఆడవాళ్ళ ముఠానే. ఎవరూ ఎవరికీ ఏం చెప్పుకోలేదట. వెనక్కి నడుస్తూ నాటుకుంటూ వచ్చి, గట్టు ఇంకా బారెడు దూరముందనగా అందరూ ఒక్కసారే లేచి నడుములు పట్టుకున్నారట. అప్పుడే ప్రకాశరావుగారు వచ్చాడు.

“నారు చాల్లేదా అన్నాడంట. చాల్లేదండి అన్నారంట. నారు కట్టలు గట్టు మీదే ఉన్నయ్యి, ఆయన కాళ్ళ దగ్గర. వాటి వంక చూసి, సరే, చాలకపోతే ఏం చేస్తాం అని ఎళ్ళిపోయాడంట.”

శాలేమురాజు చెప్పులు విడిచి దిగాడు. చీలమండ దాకా నీళ్ళు, కింద నేల గట్టిగానే ఉంది. పెట్టెకి ఇటు ముగ్గురూ అటు ముగ్గురూ నడిస్తే సరిగ్గా పడుతుంది. కేసు అలాగే ఉంది. ఏ-వన్ అతనే. వచ్చే ఏడు ఈ జాగా ఇలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. కంచె దాకా నడిచి, లోపల సుజన రాయి మీద వాన పడటం కాసేపు చూసి, వెనక్కి వచ్చాడు.

గట్టు మీద గొడుగు కింద సుగుణమ్మ నిలబడే ఉంది.

“ఇంక ఎండాకాలం దాకా ఆగక్కర్లేదులే నేను,” అంది తేలిగ్గా.

“ఆగండి అత్తమ్మా,” అన్నాడు శాలేమురాజు. నీళ్ళలో నిలబడే, ఆమె అందించిన చెప్పులు తీసుకోవడానికి చెయ్యి చాపాడు.