నోటి మీద వేలు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా బడిలో గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి పెద్ద మేడం దాకా అందరికీ తెలుసు. నాలుగేళ్ల పిల్లల్ని ఇరవై రెండు మందిని ఒక్క గదిలో వేసుకుని కూర్చున్నదానికి కోపం రాకపోతేనే వింత. కానీ ఈసారి ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. అరవాల్సింది నా మీదే.

బడి తెరిచిన వారానికి ఒక పిల్ల చేరింది. పని వెతుక్కుంటూ ఎక్కడి నుంచో వచ్చిన కుటుంబం. తల్లి బట్టల దుకాణం వెనక గదిలో మిషన్ కుడుతుంది. పిల్లకి మన మాట ఒక్క ముక్క రాదు. అయినా ఆ నోటికి విశ్రాంతి ఉంటేగా! చెప్పులు విప్పుతూ మాట్లాడేది, చేతులు కడుక్కుంటూ మాట్లాడేది, కొక్కేనికి తగిలించిన సంచీతోనూ మాట్లాడేది. అంతా వాళ్ల భాషలోనే.

"పిచ్చుక దిగిందమ్మోయ్!" అని నవ్వేది మా ఆయమ్మ. పిల్లకి ఆ పేరే ఖాయమైపోయింది.

నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. కథ చెబుతుంటే మధ్యలో లేచి ఏదో అడిగేది. అదేమిటో నాకు తెలిసి చస్తేగా! నోటి మీద వేలు పెట్టుకుని "ష్" అనేదాన్ని. అదీ తన నోటి మీద వేలు పెట్టుకుని నావైపు గుడ్లప్పగించి చూసేది. అప్పుడు ముద్దొచ్చేది కూడా.

పదిహేను రోజులు ఓపిక పట్టి, తల్లిని పిలిపించాను.

"చూడమ్మా, ఇలాగైతే పాప వెనకబడిపోతుంది. ఇంట్లో మీ భాష మానేయండి. ఇక్కడి మాటలే మాట్లాడండి."

"నాకు బాగా రాదు, టీచరమ్మా."

"వచ్చినంతే మాట్లాడు. పిల్ల బాగుపడటం నీకొద్దా ఏం?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె తల వంచుకుని "సరే" అని వెళ్లిపోయింది.

మూడు నెలలు తిరిగేసరికి పిచ్చుక నోరు కట్టుబడింది. అడిగితే "నీళ్లు" అంటుంది, "అయిపోయింది" అంటుంది. అడక్కపోతే ఏమీ అనదు. హమ్మయ్య, దారిలో పడింది అనుకున్నాను.

"పిల్ల సంచీతో కూడా మాట్లాడటం లేదమ్మా" అంది ఆయమ్మ ఒకరోజు.

"నీకు అన్నీ అనుమానాలే! పిల్లలు బుద్ధిగా కూర్చున్నా తప్పేనా?" అని కసిరాను.

మొన్న పెద్ద మేడం ఏదో శిక్షణకు వెళ్లొచ్చింది. రాగానే మమ్మల్నందరినీ పిలిచి, "ప్రతి బిడ్డ ఇంటి భాషా క్లాసులో వినబడాలి. శుక్రవారం తల్లులొచ్చి ఎవరి భాషలో వాళ్లు ఒక పాట పాడాలి" అంది. నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

పిచ్చుక తల్లికి కబురు పెట్టాను. పాట సంగతి చెబితే బిక్కమొహం వేసింది.

"మానేశాం కదా, టీచరమ్మా. మీరే చెప్పారు."

"ఇంట్లో అసలు మాట్లాడరా?"

"తిను, రా, పడుకో. ఇవే వచ్చు నాకు. ఇవే చెప్తా. పాపకి పోయిన నెల జ్వరం. ఎక్కడ నొప్పి అని అడగాలి... అప్పటికి మీ భాషలో ఆ మాట తెలీదు నాకు. పక్కన కూర్చున్నా, అంతే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదే తల్లీ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇవాళ్టి నుంచి మీ భాషే మాట్లాడు" అన్నాను.

"వెనకబడదా?"

"ఒట్టు, వెనకబడదు."

ఆమె మొహం వెలిగిపోయింది. చంటిదిగా ఉన్నప్పుడు పాడిన పాట ఒకటుందని, అది వింటే పాప నవ్వేదని చెప్పింది.

శుక్రవారం చాపలు పరిచి తల్లుల్ని గుండ్రంగా కూర్చోబెట్టాం. ఒక్కొక్కరే పాడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిచ్చుక తల్లి వంతు వచ్చింది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, గొంతు సవరించుకుని ఎత్తుకుంది. ఎంత తీయని గొంతు! ఒక్క చరణం కూడా పూర్తి కాలేదు.

పిల్ల గిరుక్కున తిరిగి తల్లి పెదాల మీద వేలు పెట్టింది.

"ష్. వద్దమ్మా. టీచర్ ఉన్నారు."

మన భాషలోనే అంది. ఒక్క తప్పు లేదు.

నేను మోకాళ్ల మీద కూర్చుని, "పాడనీ బంగారం, టీచరే పాడమంది" అన్నాను. బుద్ధిగా తలూపింది. వేలు మాత్రం తీయలేదు. ఇంకోసారి చెప్పాను. ఈసారి రెండో చేతి వేలు తన నోటి మీద కూడా పెట్టుకుంది. ఆయమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

తల్లి ఆ వేలి వెనక నుంచే నావైపు చూస్తోంది, ఇప్పుడేం చేయమంటారన్నట్టు.

అమ్మని పాడనివ్వమని పిల్లకి వాళ్ల భాషలో చెబుదామనుకున్నాను. ఎనిమిది నెలలు ఆ పిల్ల నా క్లాసులో ఉంది. వాళ్ల భాషలో నాకు ఒక్క మాట కూడా రాదు.