అత్తయ్యని అడిగిన తీరు

అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంటున్న మా అత్తయ్య దేవకుమారిని అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊరి నుంచి ఆసుపత్రి ఎమర్జెన్సీకి డ్రైవ్ చేసుకెళ్లాను. అక్కడ మానసిక రోగుల కోసం కొత్త పద్ధతి పెట్టారట. ఎవరినైనా వాళ్ల భాషలోనే అడుగుతారట. ఇంటివాళ్లు మాత్రం నోరెత్తకూడదట. ఎంత గొప్ప సంస్కరణో!

ఐప్యాడ్‌లో మాటలు తర్జుమా చేసే తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్రత్యక్షమయ్యాడు. టై కూడా కట్టాడు మహానుభావుడు.

"చనిపోవాలని అనిపిస్తోందా?" అని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

"అమ్మగారూ, అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అన్నాడాయన తెలుగులో.

"లేవు బాబూ," అంది అత్తయ్య.

డాక్టరమ్మ నవ్వుతూ ఇంటికి పంపేసింది.

కార్‌లో నేనే సూటిగా అడిగాను. "అత్తయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అవునమ్మా," అంది. "ఆయన లేవనమన్నట్టు అడిగాడు, లేవన్నాను."

కారు వెనక్కి తిప్పాను. ఈసారి నన్ను నోరు మూసుకోమనే మొనగాడెవడో చూస్తాను.