జెడ్ మీద గీత

భాస్కరరావు సార్ పుస్తకాన్ని పాడు చేసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరూ నన్ను మంచివాడు అనుకోకూడదు.

నా పేరు జోజప్ప. తిరువూరు బస్టాండు దగ్గర డీటీపీ షాపు నాది. శుభలేఖలు, అర్జీలు, ఫ్లెక్సీలు అన్నీ చేస్తాను. ఇంటర్లో నాకు ఫిజిక్స్ చెప్పింది సారే. రెండుసార్లు తప్పాను. అందులో ఆయన తప్పేం లేదు.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి గానీ, మతిమరుపు రావచ్చని డాక్టరు అన్నాడట. అంతే, ఇంట్లో బీరువా తాళాలు దాచేశారు. ఒంటరిగా బజారుకు పంపడం మానేశారు. సార్‌కి ఒళ్లు మండిపోయింది. ఆరు నెలలు కూర్చుని కణాల గురించి తెలుగులో ఫిజిక్స్ పుస్తకం రాసి, ఆ కట్ట తెచ్చి నా టేబుల్ మీద పడేశారు.

"ఇది తప్పు లేకుండా అచ్చయితే నా బుర్ర బాగున్నట్టే జోజప్పా. అప్పుడు తాళాలిస్తానంది మా ఆవిడ," అన్నారు నవ్వుతూ.

జెడ్ అనే కణం ఒకటి నలభై ఏళ్ల కిందటే దొరికిందట. దానికంటే చాలా బరువైన అన్న ఒకడు ఉన్నాడేమోనని ఇంకా వెతుకుతూనే ఉన్నారట. వాడి పేరు జెడ్ ప్రైమ్. రాసేటప్పుడు అదే జెడ్, పైన పక్కగా చిన్న గీత. "ఆ గీతే వీడి ఇంటిపేరు. జాగ్రత్త," అని సార్ మూడుసార్లు చెప్పారు. జాగ్రత్తగానే కొట్టాను. ఆయన భూతద్దం పెట్టుకుని ప్రూఫ్ చూసి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టారు.

తంటా ఆ తర్వాత వచ్చింది. ప్రెస్సువాళ్లు వేరే ఫాంటు అడిగారు. ఫాంటు మారిస్తే అక్షరాల మధ్య ఈగ రెట్టల్లా గీతలు పడతాయి. మా పనిలో అందరికీ తెలిసిందే, ఒక్క నొక్కుతో అన్నీ తుడిచేస్తాం. తుడిచేశాను. పాత ఫైలు మీదే సేవ్ చేశాను. ప్రూఫులూ చేతిరాత ప్రతీ తూకానికి వేసేశాను.

ఆవిష్కరణ రోజు, వినగడప నుంచి వచ్చిన ఆయన పాత శిష్యురాలు హాసిని పుస్తకం తిరగేసింది. మెల్లగానే అడిగింది గానీ, ఎదురుగా మైకు ఉంది.

"సార్, జెడ్ ఇంకా దొరకలేదని రాశారేంటండీ? ఎప్పుడో దొరికిందిగా?"

సార్ ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ఎక్కడా గీత లేదు. మొదటి వరసలో ఆయన భార్య కన్యకాపరమేశ్వరి గారు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడే లేచి చెప్పాల్సింది. వంద మంది ముందు షాపు పేరు పోతుందని నోరు మూసుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

తొమ్మిదో రోజు ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను.

"తప్పు నాదండి సార్. గీతలు నేనే తుడిచేశాను."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ప్రూఫ్ మీద సంతకం ఎవరిది జోజప్పా?"

"మీదేనండి. కానీ అప్పుడు గీతలున్నాయి సార్, ఒట్టు!"

"ఉంటే ఆ కాగితాలు చూపించు."

"తూకానికి వేసేశానండి."

"నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకు. మా ఆవిడది కూడా రోజూ ఇదే పని," అన్నారు.

అటునుంచటే పాత కాగితాల కొట్టుకు పరిగెత్తాను. లారీ ఎప్పుడో వెళ్లిపోయిందన్నాడు కొట్టువాడు.

నవంబరులో, బతికే ఉన్నానని పింఛనుకు ఇచ్చే కాగితం కోసం సార్ భార్యతో కలిసి షాపుకొచ్చారు. పెన్ను అందించాను. ఆయన తీసుకోలేదు.

"స్టాంపు ప్యాడు ఉందా?"

"సంతకం పెట్టండి సార్. మీకేమైంది?"

"దేని కింద పెడుతున్నాడో తెలిసినవాడు పెట్టాలయ్యా సంతకం. నాకు తెలియట్లేదుగా."

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి ఎడమ బొటనవేలు చాపి నిలబడ్డారు. నేనే పట్టుకుని సిరాలో అద్దాను.